కట్టడము పోయినను కొలత నిలుచును

నిజామాబాదు నుండి బోధనుకు పోవు దారిలో ఊరు సమీపించుచుండగనే శక్కర్‌నగర్ వైపు చూపు మరలుట మా ప్రాంతమువారికి అలవాటు. పూర్వము చలికాలము వచ్చినదే తడవుగా ఆ దారిపై చెరకు బండ్లు బారులు తీరెడివి. ఎడ్ల మెడగంటల చప్పుడు, బండ్లవాండ్ర కేకలు, రాత్రివేళ గాలిలో తేలివచ్చు పాకపు వాసన, ఇవి యన్నియు కలిసి చెరకు గానుగాడు కాలము వచ్చినదని చాటెడివి. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారపు గానుగలు 2015 డిసెంబరులో ఆగిపోయినవి. అటుపిమ్మట ఆ దారి వెంట పోవువారు చూపు మరల్చుచునే యున్నారు గాని చెవికి మాత్రము ఏమియు వినిపించుట లేదు.

కర్మాగారమును గూర్చి మాటలాడునపుడు మనము భూములను, యంత్రములను, చెరకు ధరను, పని పోయిన కుటుంబములను తలంతుము. అవి ముందుగా తలపవలసినవే. అయితే ఏ చక్కెర కర్మాగారములోనైనను ఎవ్వరును అంతగా తలపని గది యొకటి యుండును. అది ప్రయోగశాల. చెరకు రసమును వడగట్టి, గాజుగొట్టములో పోసి, పొలారిమీటరు అను యంత్రములో నుంచి అచ్చట పరీక్షింతురు. ఒక దిశలోనే కంపించునట్లు చేసిన కాంతి చక్కెర కలిసిన నీటి గుండా పోవునపుడు, ఆ కంపించు దిశ కొంచెము ప్రక్కకు తిరుగును. ఎంత ఎక్కువ తిరిగిన అంత ఎక్కువ చక్కెర యున్నదన్నమాట. 26 గ్రాముల శుద్ధమైన చక్కెరను నీటిలో కరగించి, మొత్తము 100 ఘన సెంటీమీటర్లు అగునట్లు చేసి, 20 సెంటీమీటర్ల పొడవు గల గొట్టములో పోసి చూచినచో సరిగా 100 అని తెలియజేయునట్లు ఆ యంత్రపు కొలబద్దను ఏర్పరచిరి. అట్లు చూచిన ప్రతి కొలతయు ఒక పుస్తకములోని కెక్కును. ఏ యేట చెరకు ఎంత తీపి యెక్కినది, ఏ నెలలో కోసిన ఎంత చక్కెర దిగినది అను చరిత్ర యంతయు అట్టి పుస్తకములలోనే యుండును.

ఒక కట్టడము మూతబడినపుడు, లేక పడగొట్టబడినపుడు, ఇనుమునకు వెల కట్టుదురు. స్థలమునకు వెల కట్టుదురు. ఆ కొలతల పుస్తకములకు వెల కట్టువా రెవ్వరు? నేటి రాత్రి మేము శ్రోతల ముందుంచదలచిన ప్రశ్న యిదియే.

ఇట్టి ప్రశ్న మన తెలంగాణములో ఇంతకు పూర్వమే మరియొక శాస్త్ర భవనము విషయమున పుట్టినది. అది విశ్వవిద్యాలయమునకు చెందిన భవనము. అదియు కాంతిని కొలిచిన ఇల్లే. అయితే ఆ కాంతి చెరకు రసము గుండా వచ్చినది కాదు, నక్షత్రముల నుండి వచ్చినది. హైదరాబాదు బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు నడిపిన నిజామియా వేధశాల కథను ముందుగా చెప్పుకొందము. పిమ్మట మరల మన చెరకు తోటల చెంతకు వత్తము.

ఆ కథ ఒక వ్యక్తి కోరికతో మొదలైనది. ఇంగ్లండులో చదువుకొని వచ్చిన నవాబు జఫర్ జంగు అను హైదరాబాదు ప్రభువునకు ఖగోళ శాస్త్రముపై మక్కువ కలిగెను. ఆయన 15 అంగుళముల గాజుకటకము గల పెద్ద దూరదర్శిని నొకదానిని గ్రబ్ అను ప్రఖ్యాత యంత్రనిర్మాతల నుండి తెప్పించెను. 1901లో హైదరాబాదులోని ఫిసల్‌బండ యొద్ద తన వేధశాలను స్థాపించి, దానికి నిజామియా అను పేరు పెట్టుటకు ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుని అనుమతి వేడెను. తన తరువాత ఆ వేధశాలను ప్రభుత్వమే చేపట్టవలెనని కూడ ఆయన కోరెను. 1907లో ఆయన మరణింపగా ఆ కోరిక ప్రకారము ప్రభుత్వము దానిని స్వీకరించెను. 1908లో ఆర్థర్ చాట్‌వుడ్ అను ఆయన సంచాలకుడుగా వచ్చెను. అప్పటికి ఊరికి వెలుపల చీకటిగా, ప్రశాంతముగా నున్న బేగంపేటలో వేధశాలకు క్రొత్తగా ఇల్లు కట్టిరి. గుండ్రని గోడలు, వానిపై తిరుగు గుమ్మటములు, గుమ్మటమున ఆకాశము వైపు తెరచుకొను చీలిక. అవి యన్నియు ఆ కాలపు జనులకు వింతగా తోచి యుండును.

అచ్చట జరిగిన పని యేమి? దానిని తెలిసికొనుటకు మనము 1887వ సంవత్సరమునకు, పారిసు నగరమునకు పోవలెను. ఆ యేట అక్కడ కూడిన జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ఒక మహాసంకల్పము చేసిరి. ఆకాశము నంతటిని ఛాయాచిత్రములుగా తీసి, పదునొకండవ తరగతి కాంతి వరకు గల ప్రతి నక్షత్రపు స్థానమును కొలిచి పట్టికలుగా అచ్చు వేయవలెనని నిశ్చయించిరి. మన కన్ను ఆరవ తరగతి నక్షత్రముతోనే ఆగిపోవును. పదునొకండవ తరగతి నక్షత్రము దానికంటె నూరు రెట్లు మసక. ఇంత పని ఒక దేశమువలన కాదు. కావున చేను పంచుకొన్నట్లు ఆకాశమును పట్టీలుగా పంచుకొనిరి. గ్రీనిచ్‌కు ఒకటి, పారిసుకు ఒకటి, రోము నగరపు వాటికనుకు ఒకటి, ఇట్లు సుమారు ఇరువది వేధశాలలకు తలకొక పట్టీ వచ్చెను.

పంచుకొన్నవారందరును పని చేయలేదు. దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున సాంటియాగో వేధశాలకు ఇచ్చిన పట్టీ బీడుగా పడియుండెను. ఆకాశ మధ్యరేఖకు దక్షిణమున 17వ డిగ్రీ మొదలు 23వ డిగ్రీ వరకు గల ఆ పట్టీని హైదరాబాదు తీసికొనెను. 1914లో వచ్చిన రాబర్ట్ పోకాక్ కాలమున ఆ పని జోరందుకొనెను. 1918 నుండి 1944 వరకు సంచాలకుడుగా నున్న టి. పి. భాస్కరన్ దానిని కొనసాగించెను. ఈ నడుమ, 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు 1919లో వేధశాలను అప్పగించిరి. ఆ పిమ్మట జర్మనీలోని పోట్స్‌డామ్ వేధశాల పూర్తి చేయక విడిచిన ఉత్తరపు పట్టీలో కూడ కొంత భాగమును, అనగా 36వ డిగ్రీ మొదలు 39వ డిగ్రీ వరకు, హైదరాబాదే చేపట్టెను.

ఆ పని జరిగిన తీరు వినదగినది. 8 అంగుళముల కటకము గల ప్రత్యేకమైన ఛాయాచిత్ర యంత్రముతో, సుమారు జానెడేసి గాజుపలకలపై ఆకాశమున రెండేసి డిగ్రీల చతురస్రమును పట్టెడివారు. భూమి తిరుగుచుండును గనుక యంత్రమును నక్షత్రముతోపాటు మెల్లగా నడిపించుచుండవలెను. పలకపై ఒక మిల్లీమీటరు ఆకాశములో డిగ్రీలో అరువదవ వంతుకు సమానము. పలకపై ముందుగనే 5 మిల్లీమీటర్ల కొకటి చొప్పున సన్నని గీతల గడి ముద్రించియుందురు. పగలు పనివారు సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి, ఒక్కొక్క నల్లని చుక్కయు ఏ గడిలో ఏ గీతకు ఎంత దూరమున నున్నదో చూచి సంఖ్య వ్రాయవలెను. ఒక చుక్క, రెండు సంఖ్యలు. మరియొక చుక్క, మరి రెండు సంఖ్యలు. లెక్కించు యంత్రములు నేటివి కావు. గానుగెద్దు నడకవలె దినము తరువాత దినము అదే పని. అట్లు దశాబ్దములపాటు శ్రమించి ఏడు లక్షలకు పైగా నక్షత్ర స్థానములను కొలిచి సంపుటములుగా ప్రకటించిరి. పేరుగల ఆవిష్కరణ ఒక్కటియు చేయకయే వారిలో ననేకులు ఉద్యోగము చాలించి యుందురు. కాని చేసిన పనిలో మాత్రము లోటు చేయలేదు.

ఆ ఇంటిలో అట్లు పని చేసిన సహాయకులలో ఒకరి కుమారుడు గుమ్మటము నీడలో పెరిగెను. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోయి, 1949లో ఒక క్రొత్త తోకచుక్కను కనుగొనెను. అది బప్పు-బాక్-న్యూకిర్క్ తోకచుక్క. ఆయనయే వేణు బప్పు. తమిళనాడులోని కావలూరులో గొప్ప వేధశాలను నెలకొల్పి, అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షుడైన వాడు. అచ్చటి 2.34 మీటర్ల దూరదర్శినికి 1986లో ఆయన పేరే పెట్టిరి. శాస్త్ర భవనము కేవలము కొలతలను మాత్రమే గాక, ఆ కొలతను ప్రేమించు మనుష్యులను గూడ తయారుచేయునని దీనివలన తెలియుచున్నది.

అంతటి ఇంటికి కష్టము ఎట్లు వచ్చెను? ఎవ్వరును దానిపై పగ పట్టలేదు. ఊరే పెరిగి దాని చెంతకు వచ్చినది. బేగంపేటలో విమానములు దిగ నారంభించినవి. వీధి దీపములు, ఇండ్లు, పొగ వచ్చినవి. మసక నక్షత్రమును చూడవలెనన్న మొదట కావలసినది చీకటి. ఆ చీకటియే పోయినది. అందుచేత విశ్వవిద్యాలయమువారు హైదరాబాదునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున జపాల, రంగాపూర్ గ్రామముల యొద్ద గుట్టపై 48 అంగుళముల అద్దము గల క్రొత్త దూరదర్శినిని 1968లో నిలిపిరి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినపుడు ఆ గుట్టమీద శాస్త్రజ్ఞులు గుమిగూడి పరిశీలించిరి. బేగంపేట ఇల్లు మాత్రము క్రమముగా మౌనము వహించినది. ఆ ప్రాంగణములో తరువాత ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రము వెలసినది. నిజామియా వేధశాల ప్రాంగణమను పేరు చిరునామాలో నిలిచినది. ఆకాశమును చూచు పని అచ్చటి నుండి వెడలిపోయినది.

ఇంతటితో కథ ముగిసినచో అది విచారకరమైన కథయే యగును. కాని ముగియలేదు. నక్షత్రములు స్థిరములని మన కంటికి తోచునే గాని నిజమునకు అవి కదలుచునే యున్నవి. ఆ కదలిక మిక్కిలి స్వల్పము. ఏడాదిలో, పదేండ్లలో కానరాదు. ఒక నక్షత్రము ఎంత కదలినదో తెలియవలెనన్న నేడు ఎక్కడ నున్నదో కొలిచిన చాలదు. అరువది డెబ్బది యేండ్ల క్రిందట ఎక్కడ నుండెనో కూడ తెలియవలెను. 1989లో ఐరోపా దేశములవారు హిప్పార్కస్ అను ఉపగ్రహమును ఆకాశమునకు పంపి, 1993 వరకు నక్షత్ర స్థానములను అతిసూక్ష్మముగా కొలిపించిరి. అప్పుడు పాత కొలతలు కావలసివచ్చినవి. పారిసు, గ్రీనిచ్, హైదరాబాదు మొదలగు వేధశాలలలో గాజుపలకలపై తీసిన ఆ పాత సంఖ్యలను వెదకి తెచ్చి, క్రొత్త కొలతల ప్రక్కన నిలిపి, 2000లో టైకో-2 అను పట్టికను ప్రకటించిరి. అందులో 25 లక్షల నక్షత్రముల స్థానములును, వాని కదలికలును ఉన్నవి. బేగంపేటలో సూక్ష్మదర్శిని ముందు కనులు కాయలు కాయునట్లు కూర్చున్న పనివారి అంకెలు ఆ విధముగా అక్కరకు వచ్చినవి. ఇల్లు మూగవోయిన తరువాత అందులో వ్రాసిన అంకెలు పలికినవి.

ఇది ఆకాశపు మాట, మా చేలకు దీనితో నేమి పని యని కొందరు శ్రోతలు అనుకొనవచ్చును. అయితే మన చేలకు నీరిచ్చు నిజాంసాగరమునే చూడుడు. మంజీర నదిపై 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన ఆ జలాశయములో ఆదియందు సుమారు 30 టి.ఎం.సి.ల నీరు పట్టెడిది. టి.ఎం.సి. యనగా వంద కోట్ల ఘనపుటడుగులు. 1973 నాటికి పూడిక పేరుకొని అది సుమారు 12 టి.ఎం.సి.లకు తగ్గినట్లు కొలతలో తేలినది. గట్టుమీద నిలిచి చూచువానికి నీరు నీరే. అడుగున చేరిన ఒండ్రుమట్టి కానరాదు. మొదటి కొలత భద్రముగా నున్నది గనుకనే రెండవ కొలతకు అర్థము కలిగినది. తగ్గినదని తెలిసినది గనుకనే కట్టను ఎత్తు చేసి కొంత నిలువను మరల రాబట్టగలిగిరి. మొదటి లెక్క పోయియుండినచో, నీరు తగ్గుటకు వానను నిందించి యూరకుండెడివారము.

నక్షత్రమునకును, జలాశయమునకును, చెరకు గడకును న్యాయ మొక్కటే. పాత కొలత లేనిదే క్రొత్త కొలతకు నోరు లేదు.

ఇతర దేశములలో శాస్త్ర భవనములు కూలినపుడు ఏమి చేసిరో కొంచెము చూతము. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ప్రాంగణమున 1943లో యుద్ధావసరములకై చెక్కతో నొక పెద్ద కట్టడము కట్టిరి. దానికి సరియైన పేరైనను లేదు. 20వ నంబరు భవన మనిరి. యుద్ధము ముగిసిన ఆరు నెలలకు పడగొట్టవలెనని అనుకొన్న ఆ తాత్కాలికపు ఇల్లు 55 సంవత్సరములు నిలిచెను. రాడారు యంత్ర పరిశోధన అందులో జరిగెను. నోమ్ చోమ్‌స్కీ వంటి భాషాశాస్త్రజ్ఞులు అందులో కూర్చుండి పని చేసిరి. 1998లో దానిని పడగొట్టుటకు ముందు, అచ్చట పనిచేసినవారిని పిలిచి సభ జరిపి, వారి జ్ఞాపకములను సేకరించిరి. షికాగో విశ్వవిద్యాలయమున ఆటస్థలపు మెట్ల క్రింద 1942 డిసెంబరు 2న మొట్టమొదటి అణు శృంఖల ప్రతిక్రియను నడిపిరి. ఆ మెట్ల కట్టడమును 1957లో పడగొట్టిరి. 1967లో ఆ స్థలమున శిల్పి హెన్రీ మూర్ రూపొందించిన ప్రతిమను నిలిపిరి. కట్టడమును కాపాడుట అన్ని వేళల సాధ్యము కాదు, అవసరమును కాకపోవచ్చును. కాని దానిని సాగనంపు పద్ధతి యొకటి కలదు. ఇంటి పెద్దను సాగనంపునపుడు ఆయన చెప్పిన మాటలు, చేసిన బాకీలు, నాటిన చెట్లు అన్నియు తలచుకొందుము గదా. అట్టిదే యిదియు.

ఇక మన ప్రాంతమునకు మరలుదము. శక్కర్‌నగర్ గానుగలు తిరిగి ఆడవలెనని కోరువారు మనలో అనేకులు. ఆ కోరిక నెరవేరునో లేదో చెప్పుట మా వంతు కాదు. గానుగలు తిరిగి ఆడినను, ఆడకున్నను, చేయదగిన పని యొకటి యున్నది. చెరకు తీపి గదా యని వేళ్లతోగూడ నమలరాదని పెద్దలందురు. స్థలమునకును ఇనుమునకును ధర పలికినది గదా యని లోపలి కాగితములను గూడ తూకమునకు వేయరాదు. ప్రయోగశాల పుస్తకములు, చెరకు పంటల లెక్కలు, యంత్రముల పటములు, పనివారి హాజరు పట్టికలు ఎక్కడెక్కడ మిగిలియున్నవో అవన్నియు పరస్థలమునకు పోకుండ ఈ జిల్లాలోనే ఒకచోట చేర్చవలెను. 2006లో స్థాపితమైన తెలంగాణ విశ్వవిద్యాలయము మన డిచ్‌పల్లిలోనే యున్నది. చెరకును, వరిని పరిశోధించు స్థానము మన రుద్రూరులోనే యున్నది. ఇట్టి పనికి తగిన ఇండ్లు మనకు లేకపోలేదు.

పని పోయి, ఇల్లు గడువక యున్నవారి ముందు పాత కాగితముల మాట చెప్పుట తగునాయని ఎవరైనను అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. మా సమాధాన మిది. ఆ కాగితములు శాస్త్రజ్ఞుల సొత్తు మాత్రమే కావు. తెల్లవారుజామున చలిలో రసపు నమూనా తీసిన పనివాని సంతకము వానిలో నుండును. బండి తోలుకొనివచ్చి తూకము వేయించిన రైతు పేరు వానిలో నుండును. ఒక జీవితకాలము తాను చేసిన పనికి సాక్ష్య మేదని ఆ పనివాడు అడిగినపుడు చూపదగినవి అవియే. అవి చెరిగిపోయిన నాడు ఆ పని జరుగనే లేదన్నట్లగును.

కాగితములో ఎక్కనిది మరికొంత కలదు. అది పెద్దల నోటిలో నున్నది. పాకము ఎప్పుడు దించవలెనో కంటితో చూచియే చెప్పగలిగిన వారు, ఏ నేలలో ఏ చెరకు నిలుచునో ఎరిగినవారు మన ఊళ్లలో ఇంకను ఉన్నారు. సెలవు దినములలో బడి పిల్లలు వారి చెంతకు పోయి, వారు చెప్పినది తమ నోటు పుస్తకములలో వ్రాసికొన్నచో, అదియు ఒక చిన్న వేధశాలయే యగును. దీనికి ప్రభుత్వపు ఉత్తరువులతో పని లేదు.

నేటి రాత్రి మబ్బు లేనిచో, ఇంటి ముందరి దీపము ఆర్పి, చెరకు తోట గట్టున నిలిచి ఆకాశము వైపు ఒక్కమారు చూడుడు. దక్షిణపు దిక్కున కనుపించు నక్షత్రముల నడుమ, మన కంటికి ఆనని అనేక నక్షత్రములను మన తెలంగాణములో కూర్చున్న పనివారు ఒక్కొక్కటిగా కొలిచి వ్రాసిరి. ఆ ఇల్లు మౌనము వహించినది. వారు వెళ్లిపోయిరి. వారు వ్రాసిన అంకె నిలిచియున్నది. మన శక్కర్‌నగర్ విషయమున మన మనుమలు అదే మాట చెప్పుకొనగలుగుదురా లేదాయనునది వారి చేతిలో లేదు, మన చేతిలోనే యున్నది.